సభలో మా మామ కొట్టిన ఊ

మా మామ శాసనసభలో మంత్రిని తిట్టాడని మా వైపు ఒక కథ నడుస్తోంది. తిట్టలేదు. నినాదాలు ఇచ్చాడని ఇంకొక కథ. అదీ లేదు. మొన్న టేకులపల్లి సంతలో ఒకాయన, మా మామ మిరపకాయల బస్తా తీసుకెళ్లి సభ మధ్యలో గుమ్మరించాడని, సభ్యులంతా తుమ్ముకుంటూ బయటికి ఉరికారని కళ్లతో చూసినట్టే చెప్పాడు. నేను పక్కనే టమాటాలు ఏరుకుంటూ విన్నాను. ఆ రోజు మా మంచినీళ్ల సీసాలు కూడా గేటు దగ్గరే పెట్టించేశారు, ఇక బస్తా ఎక్కడిది? అయినా నోరు విప్పలేదు. ఇలాంటి కథలు ఎన్ని పుడితే అసలు కథ అంత లోతున పడిపోతుందని నా ఆశ. అసలు కథలో తప్పు చేసినవాణ్ని నేను.

మామ సభలో చేసింది ఒక్కటే. ఊ కొట్టాడు.

అడవి అంచున ఉండే మా పల్లెలో నలుగురు కల్లంలో కూర్చుని ఒక సంగతి తేల్చుకోవాలంటే, మాట్లాడేవాడికి ఎదురుగా ఒకడు కూర్చుని ఊ కొట్టాలి. కథ వినేటప్పుడు పిల్లలు కొట్టే ఊ లాంటిదే గానీ దీనికి బరువెక్కువ. ఊ పడితే ఆ మాట నిలబడ్డట్టు. పడకపోతే మాట్లాడేవాడు ఆగి, అదే మాట మళ్లీ సరిగ్గా చెప్పాలి. అబద్ధానికి పడదు, గొప్పలకు పడదు, గొణుగుడుకు పడదు. ఎందుకు పడలేదని అడిగే హక్కు ఎవరికీ లేదు. మొహాలు ఎదురెదురుగా ఉండాలి, పక్కనుంచి కొట్టిన ఊ చెల్లదు.

ఆ పని మా మామది. మామ అంటే మా అమ్మకు అన్న. వయసులో ఉన్నప్పుడు కొత్తగూడెం వైపు బొగ్గు బాయిలో పనిచేసి, తర్వాత వచ్చి మిరప, మక్కజొన్న వేసుకున్నాడు. బాయి లోపల చీకట్లో పేరు పెట్టి పిలిస్తే ఊ అనాలట. అనకపోతే అందరూ పని ఆపి ఆ మనిషిని వెతకాలట. "బాయిల ఊ అంటే నేను బతికున్ననని. ఇక్కడ ఊ అంటే నువ్వు బతికున్నవని," అనేవాడు.

ఆయన ఊ మీద ఆయనకు గర్వం కూడా ఎక్కువే. గొంతు పాడవుతుందని కుండ నీళ్లు తప్ప ఫ్రిజ్ నీళ్లు ముట్టడు. కూర్చున్న సంగతి తేలాక మొదటి ముంత కల్లు ఆయనదే. అది తాగుతూ, "ఎట్లున్నది అల్లుడా, ఇయ్యాల నా ఊ?" అని అడుగుతాడు. బాగుందంటే సరిపోదు. ఏ మాట దగ్గర బాగుందో కూడా చెప్పాలి.

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. ఏ పురుగుకు ఏ మందో చెప్పడం, ఏ పథకం ఎవరికి వస్తుందో చెప్పడం, అది రాకపోతే తిట్లు తినడం నా ఉద్యోగం. ఎండాకాలం మొదట్లో, వ్యవసాయ పద్దు మీద చర్చ జరిగే రోజు కొందరు రైతులకు సభ చూపించమని మా శాసనసభ్యుడి ఆఫీసు నుంచి పాసులు వచ్చాయి. ఎవరిని తీసుకెళ్లాలో నన్నే చూసుకోమన్నారు. మామను పిలిచాను. మా పక్కచేను వదినను పిలిచాను. ఆమె మిరప పండిస్తుంది, నోరు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఇంకొందరు కలిశారు. తెల్లవారకముందే బస్సు బయల్దేరింది.

సభ గ్యాలరీ మెట్ల దగ్గర ఒక భద్రతాధికారి మమ్మల్ని నిలబెట్టి నియమాలు చెప్పాడు. చప్పట్లు కొట్టకూడదు. లేచి నిలబడకూడదు. నినాదాలు ఇవ్వకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. నిద్రపోకూడదు.

"సారూ, ఊ కొట్టొచ్చునా?" అని అడిగాడు మామ.

ఆ అధికారికి అర్థం కాలేదో, వినిపించనే లేదో, వెనక ఉన్నవాళ్ల పాసులు చూడటానికి వెళ్లిపోయాడు. మామ నా వైపు తిరిగాడు.

"ఏమన్నడు అల్లుడా?"

"ఏమనలే మామా. వద్దన్నవాటిల ఊ లేదు గదా. కొట్టుకో."

"మెల్లగనా, పెద్దగనా?"

"మన కల్లంల కొట్టినట్టే."

వదిన నా మోచెయ్యి గిల్లింది. "ఏం మరిదీ, పెద్దాయనను చెట్టెక్కిస్తున్నవ్. దించేది కూడ నువ్వేనా మరి?"

నవ్వేశాను. పొద్దంతా కదలకుండా కూర్చోవాలి కదా, కాస్త నవ్వుకోవడానికి ఉంటుందనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నదని తెలియడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

పొద్దున సభ నిండుగా ఉంది. యూరియా గురించి మాట్లాడారు, పంటల బీమా గురించి మాట్లాడారు, వడ్లలో తేమ గురించి చాలాసేపు మాట్లాడారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు లేచేవారు. లేచినాయనను అధ్యక్షులు కూర్చోమనేవారు. కూర్చుంటూ కూడా ఆయన రెండు మాటలు అనేసేవాడు. మామ మెడ అటూ ఇటూ తిప్పుతూ అన్నీ చూశాడు.

"ఇంతమంది మాట్లాడుతుండ్రు గానీ ఊ కొట్టేటోడు ఒక్కడు లేడేంది?" అన్నాడు నా చెవిలో. "మరి మాట పడ్డదని ఎట్ల తెలుస్తది?"

"బల్లలు చరుస్తరు మామా."

"బల్ల చరుస్తే బల్లకు తెలుస్తది."

అయినా మామ నోరు తెరవలేదు. మాట్లాడేవాళ్లెవరూ ఆయనకు ఎదురుగా లేరు. పొద్దంతా అలాగే గడిచింది. నా తమాషా వట్టిదే అయిందని కొంచెం నిరాశపడ్డాను కూడా.

మధ్యాహ్నం భోజనాల తర్వాత సభ సగం ఖాళీ అయింది. ఉన్నవాళ్లలో కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు, ఇద్దరు నవ్వుకుంటూ ఏదో ముచ్చట పెట్టుకున్నారు. అప్పుడు మా సభ్యుడి వంతు వచ్చింది. ఆయన సీటు సరిగ్గా మా గ్యాలరీకి ఎదురుగా ఉంది. మామ సర్దుకుని కూర్చున్నాడు.

మా సభ్యుడు కాగితం చూసి చదవడం మొదలుపెట్టాడు. "అధ్యక్షా, రైతు సంక్షేమం కోసం మన ప్రభుత్వం అహర్నిశలు కృషి చేస్తోంది."

మామ నోరు మెదపలేదు.

"అధ్యక్షా, మా ప్రాంతంలో మిర్చి ఎక్కువగా పండిస్తారు."

"ఊఁ."

పెద్దగా కాదు గానీ, ఖాళీ సభలో గుండ్రంగా వినిపించింది. మా సభ్యుడు తల ఎత్తాడు. ఆయనది మా పక్క మండలం. ఎమ్మెల్యే కాకముందు మా కల్లంలో, మామ ఎదుట నిలబడి మాట్లాడినవాడే. చిన్నప్పుడు నేర్చిన ఈత నీళ్లలో పడగానే వచ్చినట్టు, ఆయన గొంతు దానంతట అదే మారిపోయింది.

"ఈసారి తాలు కాయలు ఎక్కువ వచ్చినయి, అధ్యక్షా."

"ఊఁ."

"నల్లతామర పురుగు పడ్డది."

"ఊఁ."

"మందు కొట్టినం. పోలే."

"ఊఁ."

కాగితం బల్ల మీద పెట్టేశాడు. మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు. ఊ పడ్డాకే ముందుకు కదులుతున్నాడు. ఫోన్లు చూసేవాళ్లు చూడటం ఆపేశారు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మొహం కిందికి దించుకుని నవ్వాపుకుంటున్నాను.

"అడవిపందులొచ్చి మక్కచేను తొక్కుతున్నయి, అధ్యక్షా."

"ఊఁ."

"కరెంటు తీగ పెడితే పందులతోని మనుషులు కూడ పోతున్నరు."

"ఊఁ."

"సోలార్ కంచె వస్తదని రైతులకు చెప్పిన. రాలేదు." ఆగాడు. ఊ పడలేదు. మా సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. "నేనే చెప్పిన, అధ్యక్షా. ఎప్పుడొస్తదో తెలుసుకోకుండ చెప్పిన."

ఈసారి మామ కొట్టిన ఊ పొడుగ్గా సాగింది. అలాంటిది మా పల్లెలో కూడా అరుదుగా వింటాం. ప్రతిపక్షంవాళ్లు బల్లలు చరిచారు. సొంత పార్టీవాళ్లు ఈయన ఎటు పోతున్నాడని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా సభ్యుడు తను ఎక్కడున్నాడో అప్పుడు గుర్తొచ్చినట్టు గబుక్కున కూర్చున్నాడు. గ్యాలరీలో ఎవరూ శబ్దం చేయకూడదని అధ్యక్షులు హెచ్చరించారు.

తర్వాత మంత్రి లేచాడు. మంత్రి చాలాసేపు మాట్లాడాడు. ఎరువుల దగ్గర మొదలుపెట్టి గోదాములు, గిట్టుబాటు ధరలు అన్నీ అయ్యాక కంచెల దగ్గరికి వచ్చాడు.

"గౌరవ సభ్యులు చెప్పిన విషయాన్ని ప్రభుత్వం సానుభూతితో పరిశీలిస్తుంది," అన్నాడు.

సభంతా నిశ్శబ్దం. మంత్రి తనకు తెలియకుండానే గ్యాలరీ వైపు చూశాడు.

"తప్పకుండా పరిశీలిస్తుంది."

నిశ్శబ్దం.

"త్వరలోనే పరిశీలిస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. మంత్రి చేతిలో కాగితాలు సర్దుకుని, "వచ్చే పంట నాటికి కంచెల సంగతి చూస్తాం," అని కూర్చున్నాడు.

మా మామ నోరు బిగపట్టి మంత్రి చేత మాట ఇప్పించాడని మా వైపు గొప్పగా చెప్పుకునేది ఇక్కడే. పక్క సీట్లో కూర్చున్నవాణ్ని నేను. మంత్రి ఎరువుల దగ్గర ఉండగానే మామ గడ్డం ఛాతీ మీద వాలింది. ఏసీ గాలి చల్లగా తగులుతోంది, బస్సులో నిద్ర లేదు, క్యాంటీన్ పప్పన్నం కడుపునిండా తిన్నాడు. సభను గడగడలాడించిన ఆ మౌనం మా మామ నిద్ర. గురక పెట్టకముందే భద్రతవాళ్లు వచ్చి భుజం తట్టి లేపారు. అదొక్కటే మా అదృష్టం.

మా ఇద్దరినీ కింద ఒక గదిలోకి తీసుకెళ్లారు. అక్కడున్న అధికారి మర్యాదగానే అడిగాడు.

"ఈయనను తీసుకొచ్చింది మీరేనా?"

"అవును సార్."

"ఏం చేస్తారు?"

చెప్పాను.

"ప్రభుత్వ ఉద్యోగా? మరి శబ్దం చేస్తుంటే ఆపలేదేం? మీరే చేయించారా?"

నా భార్య తల్లాడలో టీచరు. అక్కడికి బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీ అప్పుడు పై ఆఫీసులో ఉంది. ఆ క్షణంలో నాకు మామ కనపడలేదు, ఆ అర్జీయే కనపడింది.

"లేదు సార్," అన్నాను. "పెద్దాయనకు మతి సరిగ్గా ఉండదు. తనలో తనే అట్లా అంటుంటాడు."

ఆ అధికారి మొహం మెత్తబడింది. మామకు కుర్చీ వేయించి, నీళ్లు తెప్పించి, పసిపిల్లవాణ్ని అడిగినట్టు, "తాతా, మీదేవూరు? అన్నం తిన్నావా?" అని అడిగాడు. మామ మాత్రం నన్నే చూస్తున్నాడు. తలుపు దగ్గర ఒక విలేకరి నిలబడి ఉన్నాడని బయటికి వచ్చేటప్పుడు గమనించాను. మర్నాడు పేపర్లో ఒక మూలన, సభ గ్యాలరీలో మతిస్థిమితం లేని వృద్ధుడి అలజడి అని వచ్చింది. విలేకరి తప్పేం లేదు. విన్నది రాశాడు.

బస్సులో మామ పక్కన కూర్చుని, "ఆకలైతుందా మామా?" అన్నాను. ఊ లేదు. "కిటికీ మూయాల్నా?" ఊ లేదు. నేనన్న మాట అప్పటికే వదిన చెవిన పడింది. వెనక సీటు నుంచి అందుకుంది. "మతి లేనోడిని అన్ని అడుగుతవేంది మరిదీ? డాక్టర్‌వి నువ్వే గదా, నువ్వే చూసి చెప్పు." దారిలో హోటల్ దగ్గర ఆగితే మామ దిగి ఇడ్లీ తిన్నాడు. ఇంకో ప్లేటు తెప్పించుకున్నాడు. కోపం నా మీదే, ఇడ్లీ మీద కాదు.

పేపర్లో వచ్చిన ఆ నాలుగు ముక్కలు మా పల్లెకు చేరాక ఏమవుతుందో నేను ఊహించలేదు. మామ చేను అవతల ఇద్దరి పొలాల గట్టు మీద ఒక ఇప్పచెట్టుంది. అది ఎవరిదని ఆ రెండు కుటుంబాలు చాలాకాలం కొట్లాడుకుంటే, మామ ఊ కొట్టిన ఒక పంచాయితీలో తీర్పయింది. పూలు ఒకరు ఏరుకోవాలి, కాయలు ఇంకొకరు. అప్పటినుంచి గొడవ లేదు. కాయలు దక్కినాయన మనసు ఎప్పుడూ పూల మీదే ఉండేది. పేపరు చూడగానే ఆయన మొదలుపెట్టాడు.

"మతి లేనోడు ఊ కొట్టిన తీర్పు ఎట్ల చెల్లుద్ది?"

ఇప్పచెట్టు కదిలితే అన్నీ కదులుతాయి. ఒకరి నీళ్ల వంతు, ఇంకొకరి బండి దారి, అన్నింటికీ ఊ కొట్టింది మామే. ఎవరూ ఆయనను వద్దనలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడు కూర్చున్నా, ఎదురుగా ఆయన కూర్చునే చోటు ఖాళీగా ఉంచి పనికానిచ్చారు. మామ వెనకెక్కడో బస్తాల పక్కన కూర్చునేవాడట. కల్లు కూడా తాగకుండా లేచిపోయేవాడట.

ఒకరోజు అత్త మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "ఇంట్ల కూడ ఊ అంటలేడు మీ మామ. కూరల ఉప్పు చాలిందా అంటే గోడ దిక్కు చూస్తుండు. మతి లేదని నువ్వే చెప్పినవు గదా అల్లుడా. ఇగ నువ్వే తీసుకపోయి నీ ఇంట్ల ఉంచుకో. నాకు మతి ఉన్నోడు కావాలె."

ఆ సాయంత్రమే చేను దగ్గరికి వెళ్లాను. మామ పందులు రాకుండా మక్కచేను చుట్టూ అత్త పాత చీరలు కడుతున్నాడు. ముడి వేస్తున్న చీర రెండో కొస నేను పట్టుకున్నాను.

"తప్పైంది మామా," అన్నాను.

"ఆ మాట యాడన్నవ్?"

"సభ కాడ."

"మందిల అన్న మాటను గట్టు మీద వాపసు తీసుకుంటవా?" అని, నా చేతిలోంచి చీర కొస లాక్కున్నాడు. సభ తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాటలు అవే.

ఇప్పచెట్టు సంగతి మళ్లీ తేల్చడానికి మిరప కల్లంలో పొద్దున్నే కూర్చున్నారు. ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి, ఘాటుకు ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. కాయలాయన మాట్లాడబోతుంటే నేను అడ్డుపడి లేచాను. మామ ఎదురుగా వచ్చి కూర్చుంటేనే మాట్లాడతానన్నాను. కాయలాయన ఒప్పుకోలేదు. వదిన అంది: "మాట్లాడేది భయమున్నోడు, ఊ కొట్టేది మతి లేనోడు. సరిపోయిండ్రు. కూసోనియ్యండి." మామ లేచి, ధోవతి దులుపుకుని, ఏ తొందరా లేకుండా వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

ఇంట్లో ఆ మాటలు చాలాసార్లు అనుకుని వచ్చాను. నోట్లోంచి వచ్చినవి వేరు.

"ఆ రోజు సభ కాడ కొంచెం గడబిడ అయింది," అన్నాను.

ఊ పడలేదు.

"ఆ సారు అడిగేసరికి ఒక మాట వచ్చేసింది."

పడలేదు. ఎవరో తుమ్మారు.

"నేనే అన్న."

"ఊఁ."

"మామకు మతి సరిగ్గ లేదని అన్న."

"ఊఁ."

"ఉన్నదని నాకు తెలుసు."

"ఊఁ."

"ఊ కొట్టుమని చెప్పింది కూడ నేనే. నవ్వుకుందామని."

ఆ నవ్వుల సంగతి మామకు కొత్త. ఆయన నిజంగానే అనుమతి ఉందనుకుని కొట్టాడు. చాలాసేపు నా మొహంలోకి చూశాడు. మిరప ఘాటుకో, దేనికో నా కళ్లు మండుతున్నాయి.

"ఊఁ," అన్నాడు చివరికి, కిందిగొంతుతో.

"బదిలీ పోతదని భయపడ్డ."

"ఊఁ."

"మరి బదిలీ వచ్చిందా మరిదీ?" అని అడిగింది వదిన.

"రాలే."

"ఊఁ," అన్నాడు మామ వెంటనే, ఎంతో తృప్తిగా. కల్లమంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కాయలాయన మాత్రం నవ్వకుండా ఆలోచించాడు. "అయినా మంత్రి అంతటోడు మాట్లాడుతుంటే ఊ కొట్టకుండ బిగబట్టిండంటే మతి ఉన్నట్టే లే," అన్నాడు.

అక్కడ ఊరుకుంటే అయిపోయేది. కానీ నాకు ఆ రోజు నిజం చెప్పే పిచ్చి పట్టింది. "అది కూడ చెప్పాలె," అన్నాను. "మంత్రి కంచెల ముచ్చట చెప్పేటప్పుడు మామ నిద్రపోయిండు."

ఊ పడలేదు.

అందరూ మామను చూశారు. మామ అడవి దిక్కు చూస్తున్నాడు.

"కొంచెం కునుకు పట్టింది," అన్నాను.

పడలేదు.

"కండ్లు మూసుకున్నడు అంతే."

పడలేదు. కాయలాయన కళ్లలో మళ్లీ పూల మీద ఆశ కదలడం చూశాను. కల్లం కట్టుబాటు కల్లం కట్టుబాటే. ఊ పడకపోతే మాట మార్చి చెప్పాలి.

"మామ మేల్కొనే ఉన్నడు," అన్నాను.

"ఊఁ."

అంత పెద్ద ఊ ఆయన జన్మలో కొట్టి ఉండడు. కాయలాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. పూలు వాళ్లవి వాళ్లకు, కాయలు ఈయనవి ఈయనకు. మొదటి ముంత మామకు ఇచ్చారు. తాగి, మూతి తుడుచుకుని, "ఎట్లున్నది అల్లుడా ఇయ్యాల?" అన్నాడు.

"చివర కొట్టింది బాగున్నది మామా."

"అవ్," అన్నాడు. "నాక్కూడ అదే నచ్చింది."

కంచెల సంగతి ఇంకా చూస్తూనే ఉన్నారు. అత్త చీరలు అయిపోతే మా ఇంటివి పంపాను. కాగితం ఎదురుగా కూర్చుని ఊ కొట్టేవారెవరూ ఉండరు కనుక, ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను. దీన్ని మామకు చదివి వినిపిస్తానని అత్త అంటోంది. మంత్రి ఎరువుల దగ్గరికి రాగానే దగ్గు నటించి కొంత వదిలెయ్యమని ఆమెను బతిమాలుకున్నాను.